గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 'మిస్టర్ మ్యాజిక్': అది జాజా, ఫంకా? తర్వాత ఏవి వినాలి?

మీరు అడిగింది ఇదీ: కర్ణాటక పద్ధతిలో ఆల్టో శాక్సఫోన్ నేర్చుకున్నారు, ఈమధ్య గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్ 'మిస్టర్ మ్యాజిక్' విన్నారు, అది మిమ్మల్ని పట్టేసింది. మీ స్నేహితుడేమో అది హోటల్ లాబీల్లో మోగే సంగీతమనీ, అసలు జాజ్ కాదనీ అన్నాడు. అతని మాట నిజమేనా, అది జాజా, లేక లయే ప్రాణంగా నడిచే నల్లజాతి నృత్య సంగీతం ఫంకా, ఇంకా ఏమేం వినాలి, ఆ పద్ధతిలో వాయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. నేను టెనర్ (ఆల్టో కన్నా కింది స్థాయిలో పలికే శాక్సఫోన్) వాయిస్తాను, నేర్పుతాను కూడా. గ్రోవర్ నాకు చాలా ఇష్టమైన వాద్యకారుడు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మీ స్నేహితుడి మాటలో చెవికి సంబంధించిన నిజం కొంత ఉంది. 1980ల చివర్లో అమెరికన్ రేడియోలు 'స్మూత్ జాజ్' అని ఒక ముద్ర తయారుచేశాయి. కెన్నీ జీ లాంటివాళ్లు గ్రోవర్‌ని వింటూ పెరిగారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు పై స్థాయిలో పలికే ఆ మెత్తటి సోప్రానో శాక్స్ శబ్దాన్ని మాత్రం తీసుకుని, కింద ఉన్న తాళాన్ని యంత్రానికి అప్పగించేశారు. లిఫ్టుల్లో, మాల్స్‌లో మనం వినేది ఆ మిగులు. దాన్ని విన్న చెవితో 1975 నాటి రికార్డు వింటే రెండూ ఒకటే అనిపించడం సహజం. కానీ 'మిస్టర్ మ్యాజిక్' మీద ఆ ముద్ర వేయడం మాత్రం అన్యాయం. ఎందుకో తెలియాలంటే ఆయన ఎక్కడ తయారయ్యాడో చూడాలి.

గ్రోవర్ 1943 డిసెంబర్ 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టాడు. అమ్మ చర్చిలో పాడేది. నాన్న స్వయంగా శాక్సఫోన్ వాయించేవాడు, జాజ్ రికార్డులు సేకరించేవాడు. కొడుకు చేతికి చిన్నప్పుడే శాక్స్ ఇచ్చింది ఆయనే. కుర్రతనంలోనే 'ఫోర్ క్లెఫ్స్' అనే బృందంతో ఇల్లు వదిలి ఊళ్లు తిరిగాడు. తర్వాత సైన్యంలోకి వెళ్లాల్సి వచ్చింది. న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక బ్యాండ్‌లో ఉండగా డ్రమ్మర్ బిల్లీ కోబమ్ పరిచయమయ్యాడు. న్యూయార్క్ సంగీతకారులకు గ్రోవర్‌ని పరిచయం చేసింది ఆయనే. 1967లో గ్రోవర్ ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డాడు. చివరిదాకా అదే ఆయన ఊరు.

ఫిలడెల్ఫియా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. హామండ్ ఆర్గన్ అనే విద్యుత్ కీబోర్డు వాద్యం మీద జాజ్ వాయించడానికి ఆ ఊరూ చుట్టుపక్కలా పెట్టింది పేరు. జిమ్మీ స్మిత్, షర్లీ స్కాట్, జిమ్మీ మెక్‌గ్రిఫ్, చార్ల్స్ ఎర్లాండ్ అందరూ ఆ ప్రాంతం వాళ్లే. ఆ బృందాల్లో ఆర్గన్, గిటార్, డ్రమ్స్, ఒక శాక్స్ ఉంటాయి. చాలాసార్లు బేస్ వాయించేవాడు విడిగా ఉండడు, ఆర్గనిస్టే ఎడమచేత్తోనో పాదాలతోనో బేస్ నడిపిస్తాడు. బార్‌కి వచ్చినవాళ్లు రోజంతా పనిచేసి వచ్చినవాళ్లు. వాళ్ల కాళ్లు కదలాలి, ఎవరి మనసులోదో బాధ ఒకటి బయటికి రావాలి. అక్కడ శాక్స్ పట్టుకున్నవాడు ఎంత వేగంగా వేళ్లు కదిపినా ఎవరూ లెక్కచేయరు. రెండు స్వరాలు సరైన చోట పెడితే మాత్రం 'అదీ!' అని అరుస్తారు. గ్రోవర్‌కి ఇదే గురుకులం. ఎర్లాండ్ 'లివింగ్ బ్లాక్' (1970), జానీ హామండ్ 'బ్రేకౌట్' (1971) రికార్డుల్లో ఆయన టెనర్ వినండి. సొంత పేరుతో ఒక్క ఆల్బమ్ కూడా రాకముందే ఆ గొంతు తయారై ఉంది.

ఇక సొంత ఆల్బమ్ వచ్చిన తీరు. నిర్మాత క్రీడ్ టేలర్ తన సీటీఐ కంపెనీకి అనుబంధంగా సోల్ (చర్చి పాటల నుంచి, బ్లూస్ నుంచి పుట్టిన నల్లజాతి పాప్ సంగీతం) వైపు మొగ్గే జాజ్ కోసం 1971లో 'కుడు' అనే లేబుల్ పెట్టాడు. ఆ సెప్టెంబర్‌లో హ్యాంక్ క్రాఫోర్డ్ అనే ఆల్టో వాద్యకారుడి కోసం రికార్డింగ్ ఏర్పాటైంది. ఆయన రాలేకపోయాడు. ఆర్కెస్ట్రా సిద్ధంగా ఉంది, స్టూడియో ఖర్చు ఆగదు. గ్రోవర్‌ని పిలిచి ఆల్టో వాయించమన్నారు, అప్పటికి ఆయన ప్రధానంగా టెనర్ మనిషి. అలా వచ్చింది 'ఇన్నర్ సిటీ బ్లూస్'. టైటిల్ పాట సోల్ గాయకుడు మార్విన్ గే ఆ ఏడాదే విడుదల చేసిన ఆల్బమ్‌లోది. ఆల్టో మీ వాద్యం కాబట్టి ఇది మీరు తప్పకుండా వినాలి. ఇంకొకరి కోసం కుట్టిన చొక్కా ఇంత చక్కగా నప్పడం నేనెక్కడా వినలేదు. ఆ పాటలో నగరంలోని పేదరికం మీద కోపముంది. గ్రోవర్ దాన్ని మాటల్లేకుండా చెబుతాడు, అరవకుండా చెబుతాడు.

తర్వాత 'ఆల్ ద కింగ్స్ హార్సెస్', 'సోల్ బాక్స్' వచ్చాయి. రెండూ మంచివే, కానీ అక్కడక్కడా వెనకాల వాయిద్యాల బరువు ఎక్కువైందని నా అభిప్రాయం. 'సోల్ బాక్స్'లో గ్రోవర్ కొన్నిచోట్ల గొంతు పెంచి పాడాల్సి వచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు 'మిస్టర్ మ్యాజిక్'. 1974 చివర్లో న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డు చేశారు, 1975 మొదట్లో విడుదలైంది. మొత్తం నాలుగే పాటలు, అరగంట దాటి కాస్త. ఏర్పాట్లు, కీబోర్డులు బాబ్ జేమ్స్‌వి. గిటార్ ఎరిక్ గేల్. డ్రమ్స్ హార్వీ మేసన్, అంతకుముందే జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ ఆల్బమ్ 'హెడ్ హంటర్స్'లో వాయించినవాడు. పెర్కషన్ రాల్ఫ్ మెక్‌డోనాల్డ్, ట్రినిడాడ్ మూలాలున్న కుటుంబంవాడు, కుర్రవాడిగా హ్యారీ బెలఫాంటే బృందంలో తయారయ్యాడు. టైటిల్ పాట ఆయనా విలియం సాల్టరూ కలిసి రాసిందే. ఈ జంటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

ఆ టైటిల్ పాట తొమ్మిది నిమిషాలు. మీరు దాన్ని ఇప్పటికే చాలాసార్లు విని ఉంటారు. ఈసారి శాక్స్‌ని వదిలేసి వినండి. మొదట బేస్ గిటార్ మీదే చెవి పెట్టండి. అది నిండుగా నడవదు. ఒక మాట అని ఆగుతుంది, ఆ ఆగిన చోట గిటార్ గీత పడుతుంది, ఆ గీత పక్కన పెర్కషన్ చిన్న శబ్దం. ఎవరూ ఒకరి చోటులోకి ఇంకొకరు రారు. స్వరాల వైపు చూస్తే పెద్ద ప్రయాణమేమీ లేదు, చాలాసేపు ఒకే నేల మీద నిలబడి ఉంటారు. ప్రయాణమంతా లయలో ఉంది. జేమ్స్ బ్రౌన్ బృందం దగ్గర నుంచి ఫంక్ వాళ్లు 'వన్' అంటారు, అంటే ప్రతి చుట్టులో మొదటి దెబ్బ. మన లెక్కలో సమం అనుకోండి. అది ఎక్కడుందో అందరికీ తెలుసు, అందరూ అక్కడికి వచ్చి కలుస్తారు. మిగతా చోటంతా పదహారో నోట్లలో, అంటే దెబ్బకి నాలుగు అక్షరాల లెక్కలో, ఎవరి ఆట వాళ్లది.

ఇప్పుడు శాక్స్ వినండి. గ్రోవర్ ఆ అల్లికలో ఇంకో పోగుగా దూరతాడు. పల్లవి లాంటి ఆ చిన్న మాటను సమం మీద ఠపీమని పెట్టడు, తరచూ దాన్ని దాటనిచ్చి ఎత్తుకుంటాడు. మీకు అనాగత గ్రహం అలవాటే కదా, ఆ అనుభూతికి దగ్గరగా ఉంటుంది. అయితే మనకు అది లెక్క ప్రకారం ఒక నిర్దిష్టమైన చోట ఉంటుంది, ఆయన దగ్గర అది మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకుని మొదలుపెట్టినట్టు ఉంటుంది. ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక. సోలో మొదలయ్యాక కూడా తొందర లేదు. చిన్న మాట అంటాడు, బ్యాండ్‌ని వింటాడు, అదే మాటను చివర మార్చి మళ్లీ అంటాడు. సోలో ఎక్కేకొద్దీ గొంతులో గరగర వస్తుంది, పై స్థాయిలో ఒక అరుపు వస్తుంది, వెంటనే తగ్గుతాడు. ఆర్గన్ బార్‌లో నేర్చుకున్న కొలత అది.

నేను గ్రోవర్ గురించి చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఆయన ఫంక్‌ని డబ్బు కోసం పైన పూసుకోలేదు. చర్చి, బ్లూస్, ఆర్గన్ బృందాలు కలిసిన చోట పెరిగినవాడికి అది ఇంటి భాష. చాలామంది జాజ్ వాద్యకారులు ఆ రోజుల్లో ఫంక్ రికార్డులు చేశారు. వాళ్లలో కొందరిని వింటే కింద ఒక బ్యాండ్, పైన దానితో సంబంధం లేని బీబాప్ (వేగంగా, చిక్కుగా సాగే జాజ్ శైలి) సోలో వినిపిస్తాయి. గ్రోవర్ అలా ఎప్పుడూ విడిపోడు. ఆయన శాక్స్‌ని తీసేస్తే కింది గ్రూవ్‌లో, అంటే ఆ లయల అల్లికలో, కూడా ఒక పన్ను ఊడినట్టవుతుంది.

మరి జాజ్ ఎక్కడుంది అంటారా? అదే ఆల్బమ్‌లో రెండో పాట 'ప్యాషన్ ఫ్లవర్' వినండి. అది డ్యూక్ ఎల్లింగ్టన్ సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్ రచన, ఎల్లింగ్టన్ బృందపు ఆల్టో వాద్యకారుడు జానీ హాడ్జెస్ పేరుతో ముడిపడిపోయిన పాట. హాడ్జెస్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే తీరు ప్రపంచమంతా మెచ్చుకున్నది. ఒక ఫంక్ హిట్ ఉన్న ఆల్బమ్‌లోనే ఆ పాటను పెట్టడం అంటే గ్రోవర్ తన వంశావళి చెబుతున్నాడు. మీ స్నేహితుడికి ముందు ఈ పాట వినిపించండి, తర్వాత మాట్లాడండి.

ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికల్లో సోల్‌లోనూ జాజ్‌లోనూ మొదటి స్థానానికి వెళ్లింది, పాప్ పట్టికలో 10వ స్థానం దాకా వచ్చింది. పాడే గొంతు లేని శాక్సఫోన్ రికార్డుకి అది మామూలు విషయం కాదు. అదే ఏడాది వచ్చిన 'ఫీల్స్ సో గుడ్' కూడా పాప్ పట్టికలో 10కి చేరింది. అందులో 'నకిల్‌హెడ్', 'హైడ్రా' రెండూ టైటిల్ పాట కంటే నాకు ఎక్కువ ఇష్టం. మీరు ఫంక్ కోసమే వెతుకుతుంటే 'నకిల్‌హెడ్' దగ్గర ఆగిపోతారు.

కానీ అమ్మకాల లెక్కల కన్నా నాకు పెద్దగా తోచేది ఇంకొకటుంది. వాషింగ్టన్ డీసీలో చక్ బ్రౌన్ అనే గిటారిస్టు-గాయకుడు ఈ 'మిస్టర్ మ్యాజిక్' బీట్‌ని పట్టుకున్నాడు. చిన్నప్పుడు చర్చిలో విన్న లయే అందులో తనకు వినిపించిందని చెప్పేవాడు. దాన్ని ఒక పాట నుంచి ఇంకో పాటకి ఆపకుండా నడిపిస్తూ, మధ్యలో కాంగాలతో (చేత్తో వాయించే పొడవాటి డ్రమ్ములు) నింపుతూ జనాన్ని రాత్రంతా ఆడించాడు. అక్కడి నల్లజాతి జనం సొంతం చేసుకున్న 'గో-గో' సంగీతం అలా రూపుదిద్దుకుంది. ఒక నగరం తన గుండె చప్పుడుగా పెట్టుకున్న లయను లాబీ సంగీతమని ఎలా అంటాం? రొబెర్టా ఫ్లాక్ కూడా 1975లోనే ఆ పాటను తన ఆల్బమ్‌లో పాడింది. వాద్యం మీద పుట్టిన మాట నోటికి కూడా హాయిగా అమరింది.

తర్వాత వినాల్సింది నా దృష్టిలో 'లైవ్ ఎట్ ద బిజూ'. 1977లో ఫిలడెల్ఫియాలోని బిజూ కఫేలో రికార్డు చేసిన రెండు ఎల్పీల సెట్. ఇక్కడ న్యూయార్క్ స్టూడియో వాద్యకారులు లేరు, వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా లేదు. 'లాక్‌స్మిత్' అన్న పేరుతో తన ఊరి కుర్రాళ్ల బృందం: బేస్ మీద టైరోన్ బ్రౌన్, పెర్కషన్ మీద డాక్ గిబ్స్, డ్రమ్స్ మీద పీట్ విన్సన్. సొంత ఊరి జనం ముందు 'మిస్టర్ మ్యాజిక్' ఇంకో పాటతో కలిసి చాలాసేపు సాగుతుంది. స్టూడియోలో జాగ్రత్తగా కొలిచి పెట్టిన ప్రతిదీ ఇక్కడ విప్పుకుంటుంది. జనం కేకలు, గ్రోవర్ వాటికి బదులివ్వడం, అన్నీ వినిపిస్తాయి. ఆయన జాజ్ వాద్యకారుడా కాదా అన్న సందేహం ఈ రికార్డు విన్నాక మిగలదు. నన్నడిగితే ఆయన పనంతటిలో ఇదే శిఖరం. 'వైన్‌లైట్' అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను.

'వైన్‌లైట్' సంగతి కూడా చెప్పాలి. ఈలోగా కంపెనీల గొడవ నడిచింది. సీటీఐ ఆర్థికంగా చితికిపోయింది, పంపిణీ ఒప్పందం వల్ల గ్రోవర్ రికార్డులు మోటౌన్ కంపెనీ చేతికి వెళ్లాయి, ఆయన మెల్లగా ఎలెక్ట్రా అనే ఇంకో కంపెనీకి మారాడు. 1980లో ఎలెక్ట్రా నుంచి వచ్చింది 'వైన్‌లైట్'. డ్రమ్స్ మీద స్టీవ్ గాడ్, బేస్ మీద మార్కస్ మిల్లర్, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో మీద రిచర్డ్ టీ, మళ్లీ ఎరిక్ గేల్. మళ్లీ మెక్‌డోనాల్డ్, సాల్టర్ జంట, ఈసారి బిల్ విదర్స్‌తో కలిసి 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' రాశారు, విదర్స్ పాడాడు. 1981లో అది అమెరికా పాప్ పట్టికలో 2వ స్థానానికి వెళ్లింది. 1982 గ్రామీల్లో ఆల్బమ్‌కి ఒకటి, పాటకి ఒకటి వచ్చాయి. ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ వీరుడు జూలియస్ ఎర్వింగ్ కోసం చేసిన 'లెట్ ఇట్ ఫ్లో' ఇందులోదే, ఆట మీద గ్రోవర్‌కి ఉన్న పిచ్చి అందులో తెలుస్తుంది.

ఆ ఆల్బమ్ నిగనిగలాడుతుంది. తర్వాతి పదేళ్లు అందరూ అనుకరించింది ఆ నిగనిగనే. కానీ జాగ్రత్తగా వినండి, మార్కస్ మిల్లర్, గాడ్ కలిసి నడిపిన కింది భాగం ప్రాణంతో ఊపిరి పీలుస్తోంది. అనుకరించినవాళ్లు పై మెరుపు తీసుకుని కింది మనుషుల్ని వదిలేశారు. గ్రోవర్ సొంత ఆల్బమ్‌లలో కూడా 1980ల మధ్యలో కొన్ని నాకు రుచించవు, డ్రమ్ మెషీన్ శబ్దం ఆయన్ని ఒంటరివాణ్ని చేసింది. వాటిని ఇప్పుడే వినక్కర్లేదు. 1988లో చేసిన 'దెన్ అండ్ నౌ' మాత్రం వినండి. టామీ ఫ్లానగన్, హెర్బీ హాన్‌కాక్, రాన్ కార్టర్ లాంటివాళ్లతో నేరుగా జాజ్. 'అతనికి జాజ్ రాదు' అన్నవాళ్లకి ఆయన వాదన పెట్టుకోకుండా ఇచ్చిన జవాబు.

ఊరికి ఆయన చేసింది కూడా ఉంది. 'పీసెస్ ఆఫ్ ఎ డ్రీమ్' అనే ఫిలడెల్ఫియా కుర్రాళ్ల బృందాన్ని వాళ్లింకా పిల్లలుగా ఉండగానే గుర్తించి, వాళ్ల మొదటి రికార్డులు నిర్మించాడు. 1999 డిసెంబర్ 17న న్యూయార్క్‌లో సీబీఎస్ టీవీ కార్యక్రమం కోసం కొన్ని పాటలు రికార్డు చేసి, స్టూడియోలోనే కుప్పకూలాడు. గుండెపోటు. 56 ఏళ్లే. ఫిలడెల్ఫియాలో ఆయన పేరుతో ఒక మిడిల్ స్కూల్ ఉంది.

ఇక మీ ఆఖరి ప్రశ్న, వాయించడం. కర్ణాటక శాక్సఫోన్ విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్ గారి బాటలో త్యాగరాజ కృతులు వాయించిన వేళ్లకి, పెదవికి గమకం వచ్చు. అది మీకు పెద్ద ఆస్తి, కానీ ఇక్కడ మొదట్లో అడ్డం పడుతుంది. మనం దీర్ఘ స్వరాన్ని ఊరికే వదలం, ఊపుతాం. గ్రోవర్ చాలాసార్లు దాన్ని నిటారుగా పట్టుకుని, చివర్లో మాత్రమే కాస్త వణికిస్తాడు. బ్లూస్‌లో గాంధారాన్ని కింద నుంచి నొక్కి పైకి తెచ్చే జారుడు మన కంపితం లాంటిది కాదు, ఒక్కసారే జరుగుతుంది, తిరిగి ఊగదు. దీన్ని ఒక్క స్వరం మీద సాధన చేయండి.

రెండోది నాలుక. ఫంక్‌లో స్వరాన్ని ఎంత పొట్టిగా తుంచాలన్నది స్వరం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. మనకు ఊపిరి ధార తెగకుండా వాయించడం అలవాటు కాబట్టి నాలుకతో తుంచడం కృత్రిమంగా తోస్తుంది. మెట్రోనోమ్ నెమ్మదిగా పెట్టుకుని, దెబ్బకి నాలుగు అక్షరాలు అనుకుని, అందులో ఒక్క అక్షరం చోటే ఒకే స్వరం పెట్టండి. రోజూ ఆ చోటు మార్చండి. తకధిమి నోటితో అనడం మీకు వచ్చు కాబట్టి ఇది అమెరికన్ విద్యార్థుల కన్నా మీకే త్వరగా పట్టుబడుతుంది. నా దగ్గరికి కర్ణాటక నేపథ్యంతో వచ్చినవాళ్లలో ఇది చాలాసార్లు చూశాను.

సోలోలు రాసుకుని బట్టీపట్టే పని ఇప్పుడు పెట్టుకోకండి. 'మిస్టర్ మ్యాజిక్' పెట్టి, ముందు బేస్ వాయించే మాటను నోటితో పాడండి, తర్వాత మీ ఆల్టో మీద కింది స్థాయిలో వాయించండి. అది మీ కాళ్లలోకి దిగేదాకా పల్లవి జోలికి పోవద్దు. తర్వాత మూడే స్వరాలు ఎంచుకోండి. ఆ మూడింటితోనే పాట మొత్తం పొడవునా బ్యాండ్‌తో మాట్లాడండి, వాయించినంతసేపు ఆగండి కూడా. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మీరు ఆగిన చోట్ల గిటార్, పెర్కషన్ స్పష్టంగా వినిపిస్తుంటే సరిగ్గా వెళ్తున్నట్టు. మౌత్‌పీస్ మార్చాలా అని కూడా అడిగారు. ఇప్పుడు ఉన్నదానితోనే కొన్ని నెలలు చేయండి. మీరు వాయిస్తున్న రీడ్ మరీ గట్టిదైతే మాత్రం అర సైజు తగ్గించి చూడండి, ఆ కింద నుంచి జారే స్వరం సులువవుతుంది.